పన్నెండో జత కాళ్ళు

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం గడిచిన మరునాడు, ఎండ ముదరకముందే, మా ఊరి సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు రాప్తాడులోని మా ఇంటికి వచ్చారు. ముప్పై దాటని మనిషి. కంబదూరు వైపు నుంచి మోటారు సైకిలు మీద రావడం వల్ల కనురెప్పల మీద కూడా ఎర్రదుమ్ము పట్టింది. మంచినీళ్ళు తాగి, సంచిలోని ప్లాస్టిక్ కవరు విప్పి, ఒక పొడుగాటి పుస్తకం తీసి నా చేతికిచ్చారు. నల్ల అట్ట, ఎర్ర గుడ్డ వెన్ను, చెదలు కొరికిన మూలలు. అది మా సంఘపు హాజరు పుస్తకమని తెరవకముందే నాకు తెలిసింది.

“పాత చర్చి పడగొట్టేటప్పుడు అటక మీద దొరికింది మేడమ్. పెద్దవాళ్ళు చూసి, ఈ రాత ఎలీశమ్మ కూతురిది, లెక్కల టీచరమ్మది అన్నారు. ఎంత బాగుందో చూడండి, అచ్చేసినట్టుంది. కొత్త చర్చిలో పాత వస్తువులకని అద్దాల బీరువా పెడుతున్నాము. దీన్ని అందులో తెరిచి పెట్టాలని నా ఆశ. ఏ పేజీ పెట్టమంటారో మీరే చెప్పండి.”

ఆయనకు ఇంకా రెండు కోరికలు ఉన్నాయి. ప్రభువు తాను పట్టుబడటానికి ముందు శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తుగా, ఏటా పెద్ద గురువారం నాడు మా చర్చిలో పాస్టరు పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు. ఈసారి ఆ పన్నెండు మందిలో నేను ఒకరిగా కూర్చోవాలి. ఆ తరువాత “విశ్వాసంలో ఎదగడం, తగ్గింపుతో సేవ చేయడం” అనే అంశం మీద ఐదు నిమిషాలు సాక్ష్యం చెప్పాలి. “మీ అమ్మగారి గురించే చెప్పండి మేడమ్. గొప్ప సేవకురాలంట కదా ఆమె. మీది విశ్వాసంలో ఎదిగిన కుటుంబమని అందరూ అంటారు” అన్నారు. వస్తానన్నాను. పుస్తకం మాత్రం గురువారం దాకా నా దగ్గర ఉండనివ్వమన్నాను. ఆయన వెళ్ళిన తరువాత వెనుక నుంచి మూడో ఆకు తిప్పాను. వెతకవలసిన పని లేకపోయింది. నలభై ఏళ్ళుగా ఆ పేజీ ఎక్కడుందో నాకు తెలుసు.

నేను దినచర్య రాసే మనిషిని. మా పెరట్లో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో, బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో, తరగతిలో ఎందరికి భిన్నాలు రాలేదో అన్నీ రాసి పెట్టుకుంటాను. నా బీరువాలో నలభై పుస్తకాలు వరుసగా ఉన్నాయి. ఈ సంగతికి కావలసిన తేదీలు కూడా వాటిలో ఉన్నాయి. అయినా ఇక్కడ వేయను. తేదీ వేస్తే అది ఒక రోజున జరిగి, ఆ రోజుతోనే ముగిసినట్లు కనిపిస్తుంది.

మా పేట కంబదూరుకు దక్షిణంగా, రాళ్ళగుట్ట పక్కన ఉండేది. ముప్పై ఒక్క ఇళ్ళు, ఒక చర్చి. ఊరి బావి ఊరిలో ఉండేది, అందులోకి మా బిందెలు దిగేవి కావు. అందువల్ల వంకే మాకు దిక్కు. ఆ వంకలో నీళ్ళు పారడం నా చిన్నతనం మొత్తంలో నాలుగుసార్లు చూశాను. మిగిలిన కాలమంతా అది ఇసుక. ఆ ఇసుకను మోకాటి లోతున తోడితే అడుగున నీరు ఊరేది. ఆ గుంటను చెలమ అంటారు. అమ్మ ఆ చెలమ ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుని, కొబ్బరి చిప్పతో ఊరిన నీటిని ఊరినట్లే ఎత్తి బిందెలో పోసేది. తొందరపడితే ఇసుక లేస్తుంది, ఆలస్యం చేస్తే వెనుక వరుసలో ఉన్న ఆడవాళ్ళు తిడతారు. ఒక బిందెకు ఎనభై నాలుగు చిప్పలు. ఇది నేను పక్కన కూర్చుని లెక్కపెట్టినది, ఊహించి రాసినది కాదు. వంక నుంచి చర్చికి నా అప్పటి అడుగులతో పదహారు వందల ఇరవై అడుగులు. ప్రతి శనివారం అమ్మ చర్చికి రెండు బిందెలు మోసేది. నేల తుడవడానికి, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల గిన్నెలు కడగడానికి, ఆదివారం వచ్చినవారు గొంతు తడుపుకోవడానికి ఆ నీళ్ళు. ఆ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు. కాపురానికి వచ్చిన మొదటి శనివారం చర్చిలో నీళ్ళు లేవని చూసి తెచ్చిందట. రెండో శనివారం నుంచి అందరూ ఆమె కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. మా సంఘంలో సేవ అనేది అలాగే మొదలవుతుంది, అలాగే మెడకు పడుతుంది.

తెల్లవారితే మా ఇంట్లో మొదట వినిపించేది బిందె అంచు బండకు తగిలే చప్పుడు. తరువాత రోట్లో ఊరుబిండి పచ్చడి నూరే చప్పుడు. పొయ్యిలో శెనక్కాయల పొట్టు మండేది. దాని పొగకు ఒక రకమైన కమ్మని చేదు వాసన ఉంటుంది, ఈనాటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఆకలి వేస్తుంది. సంగటి ముద్ద ముందు నాయనకు, తరువాత నాకు, అడుగంటినది అమ్మకు. నాయన మాటలు తక్కువ మనిషి. వాన పడిన ఏడు శెనక్కాయ వేసేవాడు, పడని ఏడు బెంగుళూరుకు పోయి ఇటుకలు మోసేవాడు. చర్చిలో మాత్రం ఆయనకొక స్థానం ఉండేది. పాదాలు కడిగించుకునే పన్నెండు మందిలో ఆయన ఒకడు. ఆ పన్నెండు స్థానాలూ పన్నెండు ఇళ్ళవి. తండ్రి పోతే కొడుకు కూర్చోవలసిందే. శిష్యులు మగవాళ్ళు కాబట్టి ఆడవాళ్ళ ప్రసక్తే ఉండేది కాదు.

ఇక్కడ మా వాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. అది లేఖనాలలో ఎక్కడా లేదు. పెద్ద గురువారం మధ్యాహ్నం ఆ పన్నెండు మందీ ఇంట్లో కాళ్ళు రుద్ది రుద్ది కడుక్కునేవారు. పాదాలు కడిగే పాస్టరు అయ్యగారి చేతికి మురికి అంటితే ఆ ఇంటికి అప్రతిష్ఠ. నాయన పెరట్లో బండ మీద కూర్చుని ఇటుక ముక్కతో మడమలు తోముకుంటూ ఉంటే అమ్మ చెంబుతో నీళ్ళు పోసేది. మనిషికి రెండు చెంబులు. అంటే పన్నెండు ఇళ్ళలో ఇరవై నాలుగు చెంబులు. చర్చిలో అయ్యగారు ముగ్గురికి ఒక చెంబు చొప్పున పన్నెండు మందికి నాలుగు చెంబులు పోసేవారు. దేవుని సేవకుడు కడగడానికి నాలుగు చెంబులు, ఆయనకు కడగడానికి ఏమీ మిగలకుండా చేయడానికి ఇరవై నాలుగు. చిన్నప్పుడే ఈ లెక్క కట్టి నాయనకు చెప్పాను. “గమ్మునుండు. పెద్దోళ్ళు చేసేది తప్పుగాదు” అన్నాడు.

అమ్మ కాళ్ళ గురించి రాయకుండా ముందుకు పోలేను. ఆమె మడమలు పగిలి ఉండేవి. అద్దం పగిలినట్లు కాదు, చెరువు అడుగు ఎండి పెళ్ళలు లేచినట్లు. ఇసుకలో తడి, బండ మీద వేడి, చేలో ఎర్రమట్టి, ఈ మూడూ మార్చి మార్చి తగిలితే ఏ కాలైనా అలాగే అవుతుంది. ఆదివారం ఆరాధన అయిన తరువాత బలిపీఠం మీద కారి గడ్డకట్టిన కొవ్వొత్తి మైనాన్ని అమ్మ గోటితో గీకి కొంగులో మూట కట్టుకునేది. ఇంటికి వచ్చి ఆముదంలో కరిగించి ఆ పగుళ్ళలో నింపుకునేది. అందువల్ల నా చిన్నతనంలో అమ్మ పక్కన పడుకుంటే చర్చి వాసన వచ్చేది. అమ్మకు చదువు రాదు. ఆమె ప్రార్థన చిన్నది. ఎవరింట్లో కుండ ఖాళీగా ఉంది, ఎవరి బిడ్డకు జ్వరం, ఎవరి ఎద్దు పడింది, ఇవి దేవునికి ఒక్కొక్కటే చెప్పి లేచేది. “ఏమీ అడగవేం అమా?” అంటే, “చెప్పితి గదా. ఆయనకు తెల్దా ఏం చెయ్యల్లనో?” అనేది. నాకైతే ప్రార్థనలో అడగవలసినవి వరుస సంఖ్యలు వేసి ఉండేవి.

నాకు పదమూడో ఏడు వచ్చింది. కంబదూరు హైస్కూల్లో లెక్కల్లో మొదటి స్థానం, చేతిరాతలో మొదటి స్థానం. అప్పటి అయ్యగారు మెతక మనిషి, నంద్యాల వైపు నుంచి వచ్చినవారు. ఆయన కళ్ళకు పొర రావడంతో హాజరు పుస్తకం రాసే పని నాకు అప్పగించారు. పేర్లు పిలవడం, గుర్తులు వేయడం, పన్నెండు మంది జాబితా రాయడం నా పనులు. చర్చిలో బలిపీఠం పక్కన, అందరికీ ఎదురుగా, పుస్తకం పట్టుకుని నిలబడేదాన్ని. అది ఎంత గర్వమో ఇప్పుడు ఏ బడిపిల్లకూ చెప్పి ఒప్పించలేను.

ఆ ఏడు వాన అసలు పడలేదు. పేటలో సగం మంది మగవాళ్ళు బెంగుళూరుకు పోయారు. పోయినవాళ్ళ ఇళ్ళలో తమ్ముడో, ముసలి తండ్రో ఎవరో ఒకరు దొరికారు గానీ మా ఇంట్లో మగమనిషి మరొకరు లేడు. పదకొండు పేర్లు రాసి నేను ఆగాను. అయ్యగారు, “అది మీ ఇంటి స్థానమే కదమ్మా. మీ అమ్మ పేరు రాయి. ఇన్నేళ్ళుగా నీళ్ళు మోసిన మనిషి, ఒక్కసారి కూర్చోనీ” అన్నారు. సంఘ పెద్ద దానియేలు గొణిగాడు. ఆయన భార్య రూతమ్మ, “శిష్యులలో ఆడది యాడుండాదప్పా?” అని నవ్వింది. అయినా అయ్యగారు పట్టుబట్టారు. ఆయన జీవితంలో పట్టుబట్టిన సందర్భాలు అన్నీ కలిపి మూడు. ఇది ఒకటి. పన్నెండో పేరు రాశాను.

అమ్మకు చెప్పినప్పుడు ఆమె ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లుంది. అరచేత్తో నోరు మూసుకుని, “నేనా?” అన్నది. తరువాత రెండు రోజులు పనిలో ఉన్నా, చేలో ఉన్నా తనలో తాను నవ్వుకునేది. ఆమె తన కోసం ఏదైనా కోరుకోవడం నేను చూసింది ఆ రెండు రోజులే.

గురువారం ఉదయం చర్చికి రెండు బిందెలు మోసి, మధ్యాహ్నం గడప మీద కూర్చుని కాళ్ళు ముందుకు చాపింది.

“పాపా, ఇట్ల రా. నా కాళ్ళు ఎట్లుండాయో చూడు.”

నేను జడ వేసుకుంటున్నాను. “ఎట్లుంటాయి? బీడుభూమి మాదిరి ఉండాయి.”

“ఆముదం పూస్తి గదే.”

“పూస్తే మాత్రం? అయ్యగారు చెయ్యి పెడితే గీసుకుపోతాది. నువ్వు ఆ కాళ్ళు చాపుకోని అంత మంది ముందర కూర్చుంటే, నేను పక్కన పుస్తకం పట్టుకోని నిలబడల్ల. నాకు నామర్ద.”

నామర్ద అంటే మా వైపు పరువు తక్కువ, సిగ్గుచేటు. బడిలో మేము రోజుకు పదిసార్లు వాడే మాట. అమ్మ కాళ్ళు వెనక్కు ముడుచుకుంది. “బీడైతే ఏమిలే, వాన పడితే సరిపోతాది” అని నవ్వింది. ఇంట్లో ఉన్నది ఒక కుండలో సగం, తాగే నీళ్ళు. చెలమ ఆ రోజుకు ఎండిపోయింది, మళ్ళీ ఊరాలంటే తెల్లవారాలి. మిగిలిన పదకొండు మంది ఇళ్ళలో మడమలు తోముకుంటూ ఉంటారని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. నేను రిబ్బను కట్టుకుని చర్చికి ముందే వెళ్ళిపోయాను.

ఆరాధన నాలుగు గంటలకు. చర్చి వెనుక వాకిట్లో రెండు బిందెలు నీడలో ఉన్నాయి. లోపల పొడుగు బల్ల మీద పదకొండు మంది కూర్చున్నారు, చివర అమ్మ కూర్చుంది. తెల్లచీర, ఉతికి ఉతికి పలచబడినది. నేను జాబితా చదివాను. నా గొంతు వణకలేదు. అయ్యగారు నడుముకు తువ్వాలు కట్టుకుంటూ ఉండగా, వెనుక వాకిలి నుంచి రూతమ్మ లోపలికి వచ్చింది. ఆ కరువులో ఎవరైనా ఏదైనా దాచగలరేమో గానీ తడిని దాచలేరు. వెనుక వాకిట్లో ఎర్రమట్టి మీద ఒక తడి మరక, అక్కడి నుంచి బండల మీదుగా గుమ్మం దాకా తడి అడుగులు.

“ఏమే ఎలీశమ్మా, ఆ తడి అడుగులు ఎవురివే?”

అమ్మ లేచి నిలబడింది. “నావే అక్కా.”

“నీళ్ళు యాడివి?”

“బిందెలోవి.”

“గుడి బిందెనా?”

“ఊ. నా వంతే తీసుకుంటినక్కా. అయ్యగారు ముగ్గురికి ఒగ చెంబు పోస్తాడు. దాంట్లో మూడో భాగం నాది. అంతే పోసుకుంటి. ఇంగ ఆయన నాకు పోయకపోయినా ఫరవాలేదు.”

బల్ల మీద ఎవరో నవ్వారు. “సూడన్నా, ఆయమ్మ రేషనంగడి లెక్క చెప్తాండాది.”

రూతమ్మ నవ్వలేదు. “ఆ కాళ్ళకు పోసుకున్న చెంబు మళ్ళా దేవుని నీళ్ళల్లో ముంచితివా? ఇంగ అది మైల గాదా? పెద్దోళ్ళు, ఇంత మంది, ఆ నీళ్ళతో ఎట్ల కడిగిచ్చుకోవల్ల?”

మైల. ఊరి బావి దగ్గర మా బిందెలను చూసి ఊరు అనే మాట అది. ఆ మాట పడలేకనే మా తాత బాప్తిస్మం తీసుకున్నాడని మా ఇంట్లో చెప్పేవారు. ఆ మాటను మేము ఊరిలో వదిలి రాలేదు. భద్రంగా మూట కట్టుకుని చర్చిలోకి తెచ్చుకుని, సమయం వచ్చినప్పుడు మాలోని ఆడమనిషి మీద విప్పాము.

అయ్యగారు దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు. “ఎందుకు కడుక్కున్నావమ్మా? నేను కడుగుతాను కదా.”

నేను మూడు అడుగుల దూరంలో, పుస్తకం గుండెలకు ఆనించుకుని నిలబడి ఉన్నాను. అమ్మ నా వైపు చూస్తుందని భయపడ్డాను. ఆమె చూడలేదు. నేల వైపు చూస్తూ, “కాళ్ళు బాగలేవు అయ్యగారూ. నాకే నామర్ద అనిపిచ్చె” అన్నది.

నా మాటను తన మాటగా చెప్పింది. నేను నోరు విప్పవచ్చు. ఒక్క వాక్యం చాలు. అమ్మకు ఆ మాట అన్నది నేనే అని చెబితే, పెద్దలు నన్ను కసిరి, పుస్తకం మరొకరి చేతికిచ్చి ఉండేవారు. నష్టం అంతవరకే. నేను పుస్తకాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

పన్నెండో స్థానం ఖాళీగా ఉండకూడదు కాబట్టి, ఉరవకొండ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన రూతమ్మ తమ్ముణ్ణి కూర్చోబెట్టారు. ఆయన బూట్లు విప్పి, మేజోళ్ళు విప్పి, తెల్లని కాళ్ళు చాపాడు. ముట్టని రెండో బిందెలోని నీళ్ళు వాడారు. అదీ అమ్మ మోసినదే. ఆమె తల మీద ఉన్నంతసేపూ నీళ్ళకు మైల అంటలేదు. దానియేలు చెప్పగా పన్నెండో పేరును స్కేలు పెట్టి కొట్టేశాను. రెండు గీతలు, సమాంతరంగా.

పునరుత్థాన ఆదివారం ఆరాధన అయిన తరువాత పెద్దలు కూర్చున్నారు. దానియేలు చెబుతూ ఉంటే నేను రాశాను. “ఎలీశమ్మ, పరిశుద్ధ ఆరాధనకు ఉంచిన నీటిని తన పాదములకు వాడి మైలపరచినందున, ఆరు నెలల పాటు ప్రభువు బల్ల నుండి ఆపబడినది.” అక్షరాలు ఒక్కటీ వంకర పోలేదు. తరువాత అమ్మ వేలిముద్ర వేయాలి. ఊదారంగు సిరాపెట్టె తెరిచి, ఆమె బొటనవేలు నేనే పట్టుకుని అద్ది, కాగితం మీద ఒత్తాను.

“ఏం రాసినావు పాపా?” అని అడిగింది.

“నీళ్ళ సంగతి.”

“బాగా రాసినావా?”

“బాగానే రాసినా.”

ఆమె వంగి చూసింది. దానియేలు వైపు తిరిగి, “ముత్యాల మాదిరి ఉండాయి గదన్నా అక్షరాలు” అన్నది. దానియేలు తల వంచుకున్నాడు. ఆయనకు కూడా కాస్త సిగ్గు ఉండేదని అందుకు ఒప్పుకోవాలి.

ఆ ఆరు నెలలూ అమ్మ గుమ్మం పక్కన చాప మీద కూర్చుంది. ఆరుసార్లు ప్రభువు బల్ల జరిగింది, ఆరుసార్లూ ఆమె లేవలేదు. కానీ శనివారం నీళ్ళు ఆపలేదు. ఆపమని ఎవరూ అనలేదు కూడా. ఇరవై ఆరు శనివారాలు, యాభై రెండు బిందెలు, నాలుగు వేల మూడు వందల అరవై ఎనిమిది చిప్పలు. తనను కూర్చోనివ్వని బల్ల గిన్నెలను ఆ నీళ్ళతో తానే కడిగింది. నేను పక్కన పంక్తిలో మోకరించి రొట్టె తీసుకున్నాను, ద్రాక్షరసం తీసుకున్నాను. అదే ఏడు ఆదివారపు బడిలో విశ్వాస వాక్యాలు తప్పు లేకుండా అప్పజెప్పినందుకు నాకు బహుమతి వచ్చింది. నేను విశ్వాసంలో ఎదుగుతున్నానని అయ్యగారు అందరిముందు చెప్పారు. అమ్మ గుమ్మం దగ్గర చప్పట్లు కొట్టింది.

ఉద్యోగం వచ్చిన ఏడు ఒకసారి చెప్పబోయాను. “అమా, ఆ పొద్దు నీళ్ళ సంగతి...” అన్నాను. ఆమె సంగటి కెలుకుతోంది. “అది యాలే ఇప్పుడు? కూర్చో, చల్లారిపోతాది” అన్నది. నా మాటను తన మీద వేసుకుందని నాకు తెలుసునన్న సంగతి ఆమెకు తెలుసు. అంతకుమించి నేను ముందుకు పోలేదు. ఆమె పోయి ఎనిమిదేళ్ళు. సమాధి దగ్గర నాలుగు ప్రసంగాలు జరిగాయి, నాలుగింటిలోనూ “దీనమనస్సు” అనే మాట వచ్చింది. ఒక మనిషిని ఆయుష్షంతా నేల మీద కూర్చోబెట్టి, పోయిన తరువాత ఎంత దీనంగా కూర్చుందోనని మెచ్చుకోవడం మా వాళ్ళకు బాగా వచ్చు. నాకూ వచ్చు. ఆ నాలుగింటిలో ఒకటి నాది.

ఈ గురువారం బస్సు దిగి ఆటోలో వంక దాకా వెళ్ళాను. వంక నిండా కంపచెట్లు. ఇసుక లారీలకు పోయింది, చెలమ తీయడానికి చోటు లేదు. చెప్పులు సంచిలో పెట్టుకుని చర్చి దాకా నడిచాను. ఇప్పటి నా అడుగులతో పద్నాలుగు వందల ఎనభై. అరికాళ్ళు చురచురమన్నాయి. దారిలో ఇద్దరు ఆగి, “బండెక్కండి టీచరమ్మా, యాల నడుస్తాండారు?” అని అడిగారు.

కొత్త చర్చి నేల అద్దంలా ఉంది. గోడమీది గ్రానైటు పలకపై దాతల వరుసలో రూతమ్మ పేరు రెండవది. పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలకు తెల్లగుడ్డలు తొడిగి పేర్లు అంటించారు. నాది చివరిది. క్యాను నీళ్ళు, స్టీలు పళ్ళెం, అందులో గులాబీ రేకులు. పదకొండు జతల కాళ్ళూ సబ్బు వాసన వేస్తున్నాయి. చర్చి మారింది, నీళ్ళు మారాయి, ఆడవాళ్ళకు కుర్చీలు వచ్చాయి, ఆ ఆచారం ఒక్కటే మారలేదు. పాస్టరుగారు వరుసగా వచ్చి, ఒక్కొక్కరికి మగ్గుతో కాసిని నీళ్ళు పోసి, తువ్వాలుతో అద్ది, నా ముందు మోకరించారు. నా కాళ్ళు చూసి ఆగారు. మైకుకు అందకుండా గొంతు తగ్గించారు.

“మేడమ్... కాళ్ళు కడుక్కుని రాలేదా?”

“మీరు కడుగుతారంటేనే కదా వచ్చాను.”

ఆయన ముఖం ఎర్రబడింది. ఆయనను అసహ్యించుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు. చొక్కా చేతులు పైకి తోసుకుని, రెండో మగ్గు అడిగి, వేళ్ళ సందులతో సహా రుద్ది కడిగారు. పళ్ళెంలో నీళ్ళు ఎర్రగా మారాయి, రేకులు మట్టిలో తేలాయి. ఒక్క క్షణం నేను గెలిచాననుకున్నాను. తరువాత తువ్వాలు తీసినప్పుడు చూసుకున్నాను. అవి ముప్పై ఏళ్ళు చెప్పుల్లో, మేజోళ్ళలో, క్రీముల్లో ఉన్న కాళ్ళు. ఒక మధ్యాహ్నం అంటించుకున్న దుమ్ము రెండు మగ్గులతో పోయింది. పగుళ్ళు నావి కావు, అరువు తెచ్చుకుందామన్నా దొరికేవి కావు.

సాక్ష్యానికి పిలిచారు. పుస్తకం తెరిచి ఆ వాక్యం చదివాను. ఆ మధ్యాహ్నం నేను అమ్మతో అన్నమాట చెప్పాను, అయ్యగారు అడిగినప్పుడు అమ్మ చెప్పిన జవాబు చెప్పాను, నేను మౌనంగా ఉన్నానని చెప్పాను. ఐదు నిమిషాలకు నలభై సెకన్లు తక్కువ పట్టింది. ఆగగానే సంఘమంతా ఒక్క గొంతుతో “ఆమెన్” అన్నది, ప్రతి సాక్ష్యానికీ అన్నట్లే. ముందు వరుసలోని ఒక ముసలామె పక్కామెతో, “ఇప్పుడేల ఈయమ్మకు అవన్నీ? సచ్చినోళ్ళు సచ్చిపోయిరి” అన్నది. ఆమె తప్పు మాట్లాడలేదు. ఆ మాట వినవలసిన చెవులు గుట్ట పక్కన మట్టిలో ఉన్నాయి.

ఆరాధన ముగిసిన తరువాత పాస్టరుగారి గదిలో కూర్చుని, ఆ వాక్యం కింద, అదే చేతిరాతతో రాశాను. “పైన రాసినది సరికాదు. ఎలీశమ్మ తన వంతు నీళ్ళే తన కాళ్ళకు పోసుకున్నది. ఆమెకు తన కాళ్ళను చూసి సిగ్గుపడటం నేర్పినది ఇది రాసిన కూతురు.” పై వాక్యాన్ని కొట్టేయలేదు. స్కేలుతో కొట్టేయడం నేను ఒకసారి చేశాను, చాలు. సంఘపు ముద్ర కోసం ఉంచిన సిరాపెట్టె అడిగాను.

“మీ సంతకం చాలు కదా మేడమ్?” అన్నారు ఆయన.

“చాలదు” అన్నాను.

బొటనవేలు అద్ది అమ్మ ముద్ర పక్కన ఒత్తాను. అద్దాల బీరువాలో ఏ పేజీ తెరిచి పెట్టాలని అడిగారు కాబట్టి, ఇదే అని చెప్పాను. ఆయన చాలాసేపు ఆ పేజీ చూశారు గానీ కాదనలేదు. సిరా ఆరేదాకా నేనూ చూస్తూ కూర్చున్నాను. అమ్మ ముద్రలో గీతలు లేవు. చిప్ప అంచు, బిందె అంచు, తాడు, రోకలి కలిసి ఆ వేలిని నున్నగా అరగదీశాయి. ఊదారంగు మచ్చ ఒక్కటే ఉంది. నా ముద్రలో ప్రతి గీతా స్పష్టంగా పడింది. కావాలంటే లెక్కపెట్టవచ్చు.